తొడలోతు గుంత

తొగట నేతగాడు పిళ్ళప్పకు కావలసింది ఇల్లు కాదు, ఇంట్లో ఒక గుంత. పొడవు రెండు మూరలు, వెడల్పు మూరన్నర. లోతుకు మాత్రం కొలబద్ద అతని కాలే. గట్టు మీద కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేస్తే అరికాళ్ళు మగ్గం తొక్కుడు కర్రల మీద ఆనాలి. కర్రలు కిందికి దిగడానికి ఇంకో జానెడు ఉండాలి. దిగి నిలబడితే తొడదాకా వస్తుంది. ఒకరి కాలికి తీసిన గుంత ఇంకొకరికి కుదరదు. నేలలోని చెమ్మే పడుగు దారాన్ని తెగకుండా కాపాడుతుంది కాబట్టి నేల మట్టిదై ఉండాలి. బండపరుపు మీద మగ్గం పెట్టినవాడికి తెగిన దారాలు అతకడంతోనే పొద్దు గడిచిపోతుంది.

బాడుగకు ఇళ్ళిచ్చేవాళ్ళకు ఈ సంగతి తెలియదు. తెలియజెప్పే ఓపిక పిళ్ళప్పకు మొదట్లో లేదు.

చిక్కబళ్ళాపురం పక్క పల్లెలో తండ్రి కట్టిన ఇంట్లో ఒకే గుంత ఉండేది. అన్నదమ్ములిద్దరివీ ఇంచుమించు ఒకే పొడవు కాళ్ళు కావడంతో వారం మార్చి వారం నేసుకునేవాళ్ళు. భార్య కలరాతో పోయి, బిడ్డలు లేక పిళ్ళప్ప ఒంటరివాడయ్యాక కూడా అదే పద్ధతి సాగింది. యుద్ధం వచ్చి, నూలు కంట్రోలులోకి వెళ్ళాక సాగలేదు. మగ్గానికి ఒక కార్డు, కార్డు మీద ఒక పేరు. శివరాత్రి దాటాక ఇన్‌స్పెక్టరు ఊరూరా తిరుగుతాడనీ, పడుగెక్కిన మగ్గం కళ్ళబడితేనే పేరు రాస్తాడనీ చాటింపు వేశారు. పేరెక్కనివాడికి ఆ ఏడాది నూలు లేదు. నలభై రెండేళ్ళ వయసులో పిళ్ళప్ప పేకదారం దూర్చే నాడె వదిలి కూలికి పార పట్టుకోవాలి.

"నువ్వు వొంటోడివి గదన్నా. ఒక్క కడుపుకు కార్డెందుకు నీకు?" అన్నాడు తమ్ముడు గోవిందప్ప.

"కడుపు ఒకటైతే ఆకలి తగ్గుతాదా?"

గోవిందప్ప లేచాడు. నేసిన బట్ట చుట్టే చింతకర్ర దోనె ఊడబెరికి అన్న తల మీదికి ఎత్తాడు. పిళ్ళప్ప ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. చివరి రెండు వేళ్ళూ పుల్లల్లా విరిగాయి. ఆ నొప్పిలో అతనికి తమ్ముడు కనబడలేదు, ఒక మెడ కనబడింది. ఆ మెడ పట్టి గుంతలోకి తోసి, పైన కాలు పెట్టి తొక్కాడు. గోవిందప్ప నాలుక బయటికొచ్చింది. మరదలు వెనకనుంచి గంజికుండ నెత్తిన పగలగొట్టకపోతే ఆ రోజు ఆ గుంత గోరీ అయ్యేది.

తెల్లవారి పిళ్ళప్ప గోనెసంచిలో రెండు నాడెలు, ఒక పడుగుకు సరిపడే నూలు, తండ్రి చేసిన వెదురుపుల్లల పన్నె పెట్టుకుని బయలుదేరాడు. పన్నె అంటే దువ్వెనలాంటిది. పడుగు దారాలు దాని పళ్ళ సందుల్లోంచే రావాలి. చీర పన్నెలో పుల్లలు వెయ్యికి పైగా ఉంటాయి. ఒక్కొక్కటీ గోటి మీద పెట్టి గీకి నున్న చేసినదే. కర్రలు ఏ వడ్రంగైనా కోసిస్తాడు, పన్నె అలా దొరకదు.

చింతామణిలో వెంకటాచలపతి అనే ధాన్యం వర్తకుడు అంగడి వెనక గది ఇచ్చాడు. చింతపండు మూటలు పెట్టుకునే గది, మట్టినేల. మగ్గం పెట్టుకుంటానని పిళ్ళప్ప చెప్పాడు, గుంత మాట చెప్పలేదు. మగ్గమంటే మంచంలాంటిదేదో అనుకున్న వర్తకుడు తలూపాడు.

మర్నాడు పొద్దున పిళ్ళప్ప మూలన గడ్డపార దించాడు. నాలుగో పోటుకే గడ్డపార చేతిలోంచి జారి నేలలోకి వెళ్ళిపోయింది. ఆ కన్నంలోంచి రాగుల వాసన గుప్పున కొట్టింది. అది పాతర. లెవీ కింద సర్కారుకు అప్పగించాల్సిన రాగులు వెంకటాచలపతి ఆ గది కిందే దాచాడు.

చప్పుడుకు ముగ్గురు హమాలీలు, వాళ్ళ వెనక వర్తకుడు వచ్చారు.

"ఎవరు పంపినారురా నిన్ను? లెవీ అమల్దారా?"

"ఎవురూ పంపలేదు సామీ. మగ్గానికి గుంత తవ్వుతాండా."

"మగ్గం నేల మీద నేస్తారా, పాతాళంలో నేస్తారా? నాకు చెవుల్లో పూలు పెడతాండాడు చూడండ్రా వీడు. కొట్టండి."

మూటలెత్తే ఇనుపకొక్కేలతో కొట్టారు. ఒక కొక్కెం కుడిభుజంలో దిగి, లాగితే కండతో సహా వచ్చింది. పిళ్ళప్ప గడ్డపార కోసం చెయ్యి చాచాడు గాని అది రాగుల్లో మునిగి ఉంది. దొరికినవాడి చెవి పళ్ళతో పట్టుకుని వదల్లేదు. వీధిలో పడేసినప్పుడు అతని నోట్లో ఉన్న రక్తం సగం తనది కాదు. సంచి తర్వాత విసిరారు. అతను మొదట పన్నె తీసి పుల్లలు తడిమి చూసుకున్నాడు, ఆ తర్వాతే భుజానికి గుడ్డ కట్టుకున్నాడు.

ఆ దెబ్బలతో మూడు సంగతులు నేర్చుకున్నానని తర్వాతి రోజుల్లో చెప్పేవాడు. గుంత మాట ముందే చెప్పాలి. మడమతో నేల తన్ని కింద బోలుగా ఉందేమో వినాలి. చిటికెడు మన్ను నాలుక మీద వేసుకుని చవుడు ఉందేమో చూడాలి, చవుడు మన్నులో దారం పుచ్చిపోతుంది. ఈ మూడూ మంచి పనివాడి జాగ్రత్తలే. అతని ప్రాణం మీదికి తెచ్చినవీ అవే.

బాగేపల్లిలో అంబుజమ్మ అనే పెద్దావిడ ఖాళీ ఇల్లు ఉందంటే వెళ్ళాడు. తలుపు సందులోంచే మాట్లాడింది.

"సంసారం యాడుండాది?"

"లేదమ్మా, పోయింది."

"మరి ఇంట్లో ఏం చేస్తావు?"

"మొదట ఒక గుంత తవ్వుకుంటానమ్మా."

ఆమె తలుపు వేసుకుని కుక్కను వదిలింది. పిక్కలో నాలుగు పళ్ళు దిగాయి. పిళ్ళప్ప దాని దవడలు విడదీసి వదిలించుకుని, కుంటుకుంటూ పరగోడు దారి పట్టాడు. శివరాత్రికి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి.

పరగోడులో బైరప్ప అనే రైతుకు తాతలనాటి పాత ఇల్లొకటి తన ఇంటిని ఆనుకునే ఉంది. మట్టిగోడలు, మట్టినేల, ఎవరూ ఉండరు. పిళ్ళప్ప ఈసారి అన్నీ వరసగా చేశాడు. తాను నేతగాణ్ణని, ఒంటరివాణ్ణని, గుంత కావాలని చెప్పాడు. గది గదికీ పోయి మడమతో తన్ని చెవి ఒగ్గి విన్నాడు. నాలుగు మూలలా మన్ను నాకాడు. ఉత్తరపు గదిలో ఆగి, "ఇదే చోటు" అన్నాడు.

గడపలో నిలబడి చూస్తున్న బైరప్ప ముఖం మారిపోయింది. అతని పక్కన ఉన్న బావమరిది గురప్ప తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"కూర్చో స్వామీ. మజ్జిగ తాగుతావా? బాడుగ మాట తరవాత చూసుకుందాము" అన్నాడు బైరప్ప.

ఆ కొండల పక్క ఊళ్ళలో పాళెగాళ్ళు పాతిపెట్టిన బంగారు కొప్పెరల కథలు లేని ఇల్లు లేదు. వాటిని తీసేవాళ్ళు కూడా ఒంటరిగా వస్తారు, పాడుబడ్డ ఇల్లు అడుగుతారు, మన్ను నాకి చూస్తారు, ఏదో ఒక పనివాడి వేషం వేసుకుంటారు. పిళ్ళప్పకూ ఆ కథలు తెలుసు. కాని బుద్ధి ఎరిగినప్పటినుంచి నేతగాడిగానే బతికినవాడికి, తాను ఇంకొకడిలా కనబడతానని తట్టలేదు. నెల రోజుల తర్వాత మొదటిసారి ఎవరో మజ్జిగ ఇచ్చారు. తాగాడు.

నాలుగు రోజులు రాజభోగం. బైరప్ప భార్య కెంపమ్మ రెండు పూటలా సంగటి, పులుసు తెచ్చి పెట్టేది. ఆమె ఒక్కతే సంచి విప్పి పన్నె చూసింది.

"ఇది నిజంగా పన్నే గదన్నా. మా అమ్మగారింటి పక్కన తొగటోళ్ళుండారు."

"నిజం పన్నె గాక అబద్ధం పన్నె ఉంటాదా తల్లీ?"

"మా ఇంటాయనకు చెప్పినా. నోరు మూసుకోమన్నాడు."

ఆ మాటకు కూడా పిళ్ళప్ప చెవి పెట్టలేదు. వడ్రంగి దగ్గర దోనెకు కర్ర కోయించడంలో ఉన్నాడు. మంచిరోజు చూసుకుని, నేతవాళ్ళ ఆనవాయితీ ప్రకారం కులదేవత చౌడమ్మను తలచి, నేల మీద పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయ కోసి నాలుగు మూలలా పిండి, తవ్వడం మొదలుపెట్టాడు. అన్నదమ్ముల్లాంటి బావ బావమరుదులు మన్ను మోశారు. గడ్డపార రాయికి తగిలి ఖంగుమన్నప్పుడల్లా గురప్ప గంప దించి గుంతలోకి తొంగిచూసేవాడు. మధ్యాహ్నానికి పిళ్ళప్ప గుంతలో దిగి నిలబడ్డాడు. తొడదాకా వచ్చింది. గట్టు మీద కూర్చుని కాళ్ళు వేలాడేసి చూసుకున్నాడు. గుంత గోడల అంచులు అరచేత్తో నున్నగా మెత్తాడు.

"చాలు" అన్నాడు.

"చాలంటే?" అన్నాడు బైరప్ప.

"అయిపోయిందప్పా. ఇంగ ఎక్కువైతే కాలందదు."

బావా బావమరిదీ ముఖాలు చూసుకున్నారు. ఆ సాయంత్రం కెంపమ్మ సంగటి తేలేదు.

మర్నాడు బాగేపల్లి సంత. ఊళ్ళో సగంమంది పోయారు, కెంపమ్మ కూడా కోళ్ళ గంప ఎత్తుకుని పోయింది. పొద్దెక్కాక పిళ్ళప్ప వంగి తొక్కుడు కర్రలకు తాడు కడుతుండగా వెనకనుంచి నడుం మీద దెబ్బ పడింది. లేచేలోపల రెండోది పడింది. గురప్ప చేతిలో కాడిమాను ఉంది. కొక్కెం దిగిన భుజమే పట్టి లాగి, ఇద్దరూ కలిసి అతన్ని నడిమి స్తంభానికి కట్టేశారు.

"యాడ పెట్టినావు?" అన్నాడు బైరప్ప.

"ఏందప్పా పెట్టేది?"

"మేము మన్ను పోసేకి బయటికి పొయ్యినప్పుడు తీసి దాచినావు. లేకుంటే తొడలోతుకే చాలంటాడా ఎవడైనా? నరుడు పాతిపెడితే నిలువు లోతు పాతిపెడతాడు."

పిళ్ళప్పకు అప్పుడు అర్థమైంది. అంత నొప్పిలోనూ నవ్వు వచ్చింది. నవ్వినందుకు గురప్ప నోటి మీద గుద్దాడు, ముందు పన్ను ఒకటి ఊడి నాలుక కింద పడింది.

"నేను నేసేవాణ్ణి రా. కాళ్ళు పెట్టుకునే గుంత రా అది."

"కాళ్ళు పెట్టుకునేకి ఇల్లు బాడుక్కి తీసుకున్నాడంట బావా."

చింతబరికె విరిగేదాకా కొట్టారు. వీపు, తొడలు, అరికాళ్ళు. పిళ్ళప్ప తిట్టాడు గాని కేకపెట్టలేదు. అప్పుడు గురప్ప సంచి బోర్లించాడు. పన్నె చేతికి తీసుకుని ఒక పుల్ల గోటితో లాగాడు. టప్పుమని ఊడింది.

ఆ చప్పుడుకు పిళ్ళప్ప గొంతులోంచి వచ్చిన అరుపు ఏట్లో కొట్టుకుపోతున్న పశువుదిలా ఉంది.

"ఆ... దీంట్లో ఉండాది గుట్టు" అన్నాడు గురప్ప.

ఒకటీ ఒకటీ లాగాడు. "యాడ పెట్టినావు?" ఒక పుల్ల. "చెప్తావా లేదా?" ఇంకొకటి. పిళ్ళప్ప తల స్తంభానికేసి కొట్టుకున్నాడు. లేదని చెప్పాడు, కాళ్ళు మొక్కుతానన్నాడు, అమ్మ మీద ఒట్టు పెట్టాడు. చివరికి, "కిందనే ఉండాది, ఇంకా కిందికి తవ్వుకోండి, అది వదిలెయ్యండి" అన్నాడు. అప్పటికి పన్నె సగం పళ్ళూడిన నోరులా ఉంది.

గురప్ప దాన్ని మూలకు విసిరేశాడు. బైరప్ప గుంతలోకి దూకి తవ్వసాగాడు. పైనుంచి గురప్ప గంపతో మన్ను లాగాడు. నడుంలోతు, ఛాతీలోతు, గొంతులోతు. ఉత్తరపు గోడ గుంతకు రెండు జానల దూరంలో ఉంది. పునాది రాళ్ళు ఒక వరుసే, కింద ఉన్నదంతా మట్టే. బైరప్ప పక్కకు తొలవడం పిళ్ళప్ప కళ్ళారా చూస్తున్నాడు.

"గోడ కిందికి పోవద్దు" అన్నాడు నెత్తురు ఉమ్మేసి. "గోడొస్తాది."

"ఆ పక్కనే పెట్టినాడు బావా, అందుకే భయపడతాండాడు" అన్నాడు గురప్ప.

మరో పది పోట్లు పడ్డాయి. గోడ మొదట నిట్టూర్చినట్టు ధూళి వదిలింది. ఆ తర్వాత ఒక్క ముక్కగా లోపలికి ఒరిగి, గుంతలో కూలబడింది. ఎండ ఒక్కసారిగా గదిలోకి వచ్చింది. దుమ్ము తగ్గేసరికి గుంత ఉన్నచోట మట్టిదిబ్బ, అందులోంచి బైరప్ప తలా ఒక చెయ్యీ కనబడుతున్నాయి. గురప్ప గంప వదిలేసి పరుగెత్తాడు.

సంత నుంచి తొందరగా తిరిగొస్తున్న కెంపమ్మకు తమ్ముడు గురప్ప వీధిలో ఎదురై, ఆగకుండా పోయాడు. ఆమె వచ్చి చూసింది. మొగుణ్ణీ చూసింది, స్తంభానికి కట్టేసి నెత్తురు కారుతున్న మనిషినీ చూసింది. కొడవలి తెచ్చి తాడు కోసింది.

"అన్నా, నిన్ను అడిగే ముఖం నాకు లేదు. తియ్యన్నా" అంది.

పిళ్ళప్ప గడ్డపార అందుకుని దిబ్బ దగ్గరికి పోయి నిలబడ్డాడు. బైరప్ప తల సరిగ్గా అతని కాళ్ళ ముందుంది. గడ్డపార కొన ఆ తలకు జానెడు పైన ఆగింది. గుంతలో తమ్ముడి మెడ మీద మోపిన కాలు అతనికి గుర్తొచ్చింది. ఆ రోజు కుండ పగలగొట్టే మనిషి ఉంది. ఈ రోజు కెంపమ్మ చేతిలో కొడవలి ఉన్నా ఆమె కదల్లేదు.

బైరప్ప కళ్ళు తెరిచాడు. పెదాల నిండా మన్ను.

"యాడ పెట్టినావు?" అన్నాడు.

పిళ్ళప్ప గడ్డపార పక్కన పెట్టి, వంగి, చెంప మీద ఒక్కటి చాచి కొట్టాడు. కొట్టి, తవ్వడం మొదలుపెట్టాడు. మంచి చేతి మూడు వేళ్ళకు గోళ్ళు పోయేదాకా చేతులతోనే తీశాడు, ఇనుము ఆడిస్తే కాళ్ళు తెగుతాయని. బయటికి లాగేసరికి బైరప్ప కుడితొడ రెండుచోట్ల విరిగి, ఎముక చర్మం చీల్చుకుని కనబడుతోంది.

మూడోనాడు చావడిలో పంచాయితీ. పటేలు తిమ్మరాయప్ప గురప్పను మిట్టేమరి దగ్గర పట్టించి తెప్పించాడు.

"వీణ్ణి కట్టేసి కొడతాము. నువ్వే కొట్టినా సరే. తప్పు కింద నీకేం కావాల్నో అది కూడా చెప్పప్పా" అన్నాడు పటేలు.

"కొట్టేది కొట్టించుకునేది చాలైపొయ్యిందప్పా నాకు. తొడలోతు గుంత కావాల."

చావడిలో నవ్వారు. ఒక ముసలాయన, "ఈ ఊర్లో గుంత ఇచ్చేది చచ్చినోళ్ళకు. బతికుండి అడిగినోణ్ణి నిన్నే చూస్తాండాము" అన్నాడు.

"కాగితం మీద రాయండి. నేను చచ్చేదాకా ఎవురూ దాన్ని పూడ్చగూడదు. పూడిస్తే నన్ను దాంట్లో వేసే పూడ్చల్ల."

బైరప్ప ఇంట్లో మంచం మీద ఉన్నాడు, మాట్లాడేది కెంపమ్మే. పశువుల కొట్టం ఇస్తానంది. ఊరి లెక్కలు రాసే శానభోగు కన్నడంలో కాగితం రాశాడు. పిళ్ళప్ప రెండుసార్లు చదివించుకుని విని, వేలిముద్ర వేశాడు.

శివరాత్రికి పది రోజులు. కొట్టంలో పేడ గీకి, మడమతో తన్ని, మన్ను నాకి, మళ్ళీ గుంత తీశాడు. ఈసారి చూడడానికి ఊరు ఊరంతా వచ్చింది. పన్నెలో పళ్ళు మిగిలిన సగాన్ని రంపంతో కోసి, అంచులకు దారం చుట్టి బిగించాడు. చీర పన్నె తుండుగుడ్డ పన్నె అయింది. వెయ్యి పుల్లల పనితనం తెలిసిన మనిషికి ఆ కోత కొక్కెం దెబ్బకన్నా ఎక్కువే. విరిగిన వేళ్ళు దారం పట్టనందువల్ల కెంపమ్మ పక్కన కూర్చుని ఒక్కొక్క పడుగుపోగూ సందుకు అందించింది.

ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు మగ్గం మీద జానెడు గుడ్డ ఉంది. వాచిన ముఖం, ఊడిన పన్ను, గుడ్డ చుట్టిన వేళ్ళు చూసి, "ఏనయ్యా, మగ్గం నేస్తావా, కుస్తీ పడతావా?" అన్నాడు.

"ఇంగ మగ్గమే సామీ."

పేరు ఎక్కింది. పిళ్ళప్ప ఆ కొట్టంలో పదహారేళ్ళు ఉన్నాడు. బాగేపల్లి సంతలో పరగోడు తుండుగుడ్డలంటే అతనివే, ఉతికిన కొద్దీ మెత్తబడేవి. చీర మళ్ళీ నేయలేదు. తమ్ముడు ఒకసారి వచ్చాడు. కాళ్ళ మీద పడితే లేపి, అన్నం పెట్టించి, ఆ పూటకే పంపేశాడు.

బైరప్ప కర్రసాయంతో లేచి తిరిగాడు. పిళ్ళప్పతో ఏనాడూ పెద్దగా మాట్లాడలేదు. అయితే పిళ్ళప్ప సంతకు పోయి వచ్చిన ప్రతిసారీ గుంత అడుగున మన్ను కొంచెం గుల్లగా ఉండేది, గోడకు చేతికర్ర ఆన్చిన గుర్తుండేది. పిళ్ళప్ప నీళ్ళు చిలకరించి, మడమతో తొక్కి, గట్టిపడ్డాక కాళ్ళు దించి కూర్చునేవాడు.